వాసన ఉంది, గుడ్డు లేదు: నేల గూళ్లను కాపాడటానికి రెండు సీజన్ల డైరీ

తీతువు పిట్ట నేలమీదే గుడ్లు పెడుతుంది. గులకరాళ్ల మధ్య చిన్న పల్లం, అందులో మూడో నాలుగో మచ్చల గుడ్లు, 28 నుంచి 30 రోజుల పొదుగు. గుడ్ల రంగు రాళ్లలో కలిసిపోతుంది కాబట్టి పక్కనే నిలబడినా మనకు కనబడవు. రాత్రిపూట ముక్కుతో వెతికే జంతువుకు మాత్రం ఆ రంగుతో పనిలేదు.

నేను చూసే రిజర్వాయరు అంచున రెండు గులకరాళ్ల మేటలున్నాయి. ఒక్కోటి సుమారు 4 హెక్టార్లు, మధ్యలో కిలోమీటరున్నర దూరం. ఈ డైరీలో వాటిని తూర్పు మేట, పడమటి మేట అంటాను. పని మొదలుపెట్టక ముందు సీజన్‌లో నేనూ ఇద్దరు మిత్రులూ దూరం నుంచి బైనాక్యులర్‌తో లెక్కపెట్టాం. మొత్తం 14 గూళ్లలో పిల్లలు బయటికొచ్చినవి 3. మిగతా వాటి చుట్టూ ఎక్కువగా కనబడినవి నక్క, ముంగిస అడుగులు.

గుడ్లు లేని చోట ముందుగానే పక్షి వాసన పూసి, వేటాడే జంతువులు ఆ వాసనను వదిలేసేలా చేయడమే మా పని. ఇదే పని చేయాలనుకునేవాళ్లు మా మొదటి సీజన్ తప్పులు మళ్లీ చేయకూడదని ఇదంతా రాస్తున్నాను. ఆ సీజన్ మొత్తం తప్పుల్లోనే పోయింది.

దశ 0: ముందు అనుకున్నది, ఎందుకు మానేశాం

మొదట అనుకున్నది రుచిమీద విరక్తి కలిగించే పద్ధతి. తిన్న చాలాసేపటికి కడుపులో తిప్పినా, జంతువు ఆ బాధను తిన్నదాని రుచికే ముడిపెడుతుంది. గార్సియా, కోలింగ్ అనే పరిశోధకులు ఎలుకల మీద చేసిన 1966 ప్రయోగాల నుంచి ఇది బాగా తెలిసిన సంగతి. ఆస్ట్రేలియాలో కేన్ టోడ్ అనే విషపు కప్పను తిని చచ్చిపోతున్న క్వోల్‌లకు (పిల్లి అంత ఉండే మాంసాహార జంతువులు) ఇదే పద్ధతిలో శిక్షణ ఇచ్చారు. వికారం పుట్టించే మందు కలిపిన చిన్న చచ్చిన కప్పను ముందుగా తినిపించి అడవిలో వదిలితే, శిక్షణ లేనివాటికంటే అవి ఎక్కువకాలం బతికాయని 2010లో ప్రచురించారు.

మా దగ్గర ఇది కుదరదని తేల్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. క్వోల్‌లకు మందు పెట్టింది బోనులో, ఒక్కోదానికి కొలిచి. మేం ఆరుబయట గుడ్లలో మందు పెడితే ఎవరు తింటారో, ఎంత తింటారో మన చేతిలో ఉండదు. పాలిచ్చే తల్లి తినొచ్చు, కుక్కపిల్ల తినొచ్చు. దానికి అనుమతి అడగడానికే మనసొప్పలేదు.

రెండో దారి న్యూజిలాండ్ నుంచి. అక్కడి సౌత్ ఐలాండ్ నదీతీరాల్లో గూళ్లు పెట్టే పక్షుల్ని ఫెర్రెట్లు (ముంగిసలా కనబడే వేట జంతువులు), పిల్లులు, హెడ్జ్‌హాగ్‌లు (ఒంటినిండా ముళ్లుండే చిన్న జంతువులు) తినేస్తుంటాయి. పరిశోధకులు పక్షులు రాకముందే కోడి, కౌజు పిట్ట, గల్ అనే నీటి పక్షుల వాసనను పెట్రోలియం జెల్లీలో కలిపి అక్కడి రాళ్లకు పూశారు. జంతువులు వాసన పట్టుకుని వచ్చాయి, వెతికాయి, ఏమీ దొరకలేదు. కొన్నాళ్లకు ఆ వాసనను పట్టించుకోవడం మానేశాయి. ఆ తర్వాత నిజం పక్షులు వచ్చి గూళ్లు పెట్టాయి, మూడు జాతుల్లో పిల్లల సంఖ్య పెరిగింది. 2021లో ప్రచురితమైన పని ఇది. ఏ జంతువునూ చంపలేదు, బంధించలేదు, బాధపెట్టలేదు. వెతకడానికి ఖర్చయ్యే శ్రమకు ఫలితం రాకపోతే వెతకడం మానెయ్యడం ప్రతి జంతువుకూ తెలిసిన తెలివి. దాన్నే వాడుకున్నారు.

అటవీ అధికారుల రాతపూర్వక అనుమతి తీసుకున్నాకే మిగతాదంతా. గూళ్లున్న చోట ఇది లేకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దు.

దశ 1: వాసన తయారీ

మొదటి ప్రయత్నం: పెంపకం కౌజు పిట్టల ఈకలు తెచ్చి నేరుగా కరిగించిన జెల్లీలో వేశాం. బయటికి తీసుకెళ్లే ముందు ఒక పశువైద్యుడికి చెబితే వెంటనే ఆపమన్నారు. పెంపుడు పక్షుల ఈకలు, రెట్టలు అడవి పక్షులుండే చోటికి తీసుకెళ్తే బర్డ్ ఫ్లూ లాంటి జబ్బుల్ని మోసుకెళ్లినట్టే. పొడి ఈకను నూనె లాంటి పదార్థంలో వేడిచేస్తే సూక్ష్మజీవులు చస్తాయని నమ్మడానికి లేదు, తడి ఆవిరి తగలాలి. నా బుర్రకు ఇది తట్టనే లేదు. పక్షుల్ని కాపాడటానికి వెళ్తూ వాటికి జబ్బు అంటించి ఉండేవాణ్ణి. మొదటి బ్యాచ్ మొత్తం కాల్చేశాం. ఒక వారం పోయింది.

చివరికి కుదిరిన పద్ధతి:

1. ఈకలు 100 గ్రాములు, నీళ్లతో పూర్తిగా తడిపి గాజు సీసాలో వదులుగా నింపాలి. మూత బిగించొద్దు.
2. ప్రెషర్ కుక్కర్‌లో నీళ్లు పోసి సీసా పెట్టి, ఆవిరి నిండాక 30 నిమిషాలు.
3. చల్లారాక ఈకలు పిండి, ఒక పూట నీడలో ఆరబెట్టాలి.
4. పెట్రోలియం జెల్లీ 400 గ్రాములు, తేనెమైనం 100 గ్రాములు వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి.
5. అందులో ఈకలు వేసి, మూతపెట్టి, రెండు గంటలు గడ్డకట్టకుండా వేడిగా ఉంచాలి. వడగట్టి డబ్బాల్లో పోయాలి.
6. ఈకలు లేకుండా ఉత్త జెల్లీ, మైనం కలిపిన డబ్బాలు కూడా చేసుకోవాలి. పోల్చడానికి ఇవి తప్పనిసరి.

మైనం ఎందుకంటే, ఉత్త జెల్లీ ఎండకు కాగిన రాయి మీద మధ్యాహ్నానికల్లా నూనెలా కారి గులకల్లోకి ఇంకిపోయింది. మైనం కలిపాక నిలబడింది. దానికితోడు రాయి పైన కాకుండా, నీడపడే పక్కన కింది అంచుకు పూశాం. వాసన మూడు రోజులు నిలిచింది. ఆ మూడు రోజుల లెక్క మా ముక్కుతో చూసింది కాదు, కెమెరాలో జంతువులు ఆగడాన్ని బట్టి చూసింది.

ఒక సందేహం మాత్రం ఉండిపోయింది. పొదిగే పక్షి వాసన మామూలు పక్షి వాసన లాంటిది కాదు. చాలా తీరపక్షులు గూళ్ల కాలంలో తోక మొదట్లోని గ్రంథి నుంచి వచ్చే మైనాన్నే మార్చుకుంటాయి. త్వరగా ఆవిరయ్యే రకం బదులు బరువైన రకం వాడతాయి. ఈ మార్పు గురించి 2002లో రాశారు. శిక్షణ పొందిన కుక్కకు ఆ బరువైన మైనాన్ని పసిగట్టడం కష్టమైందని 2005లో చూపించారు. అంటే పక్షే తన వాసనను దాచుకుంటోంది. మేం పూసేది దానికంటే ఘాటుగా ఉంటుంది. ఘాటు వాసనను వదిలేయడం నేర్చుకున్న నక్క, సన్నటి వాసనను కూడా వదిలేస్తుందా? దీనికి జవాబు మేట మీదే వెతకాలి. రెండో సీజన్‌లో సగం చుక్కలకు (పూసిన రాళ్లకు) ఈకలు సగానికి తగ్గించిన జెల్లీ వాడటానికి కారణం ఇదే.

దశ 2: కెమెరాలు, కొలతలు

నాలుగు కెమెరా ట్రాప్‌లు (జంతువు కదిలితే దానంతటదే తీసే కెమెరాలు), మోకాలి ఎత్తులో, ఉత్తరం వైపు ముఖం పెట్టి, 30 సెకన్ల వీడియో. మేం కొలవాలనుకున్నది ఒకటే: జంతువు పూసిన రాయి దగ్గర ఎన్ని సెకన్లు ఆగుతోంది.

మొదటి వారం అంకెలన్నీ పారేశాం. వీడియోలు నిదానంగా చూస్తే నక్క ఆగింది నిజమే, కానీ చూస్తున్నది కెమెరా వైపు. మా కెమెరాల్లో రాత్రి వెలుతురు 850 నానోమీటర్లది, సన్నగా ఎర్రగా మెరుస్తుంది. జంతువులు దాన్ని గమనిస్తాయి. మేం వాసన మీద ఆసక్తి అనుకుని కెమెరా మీద ఆసక్తిని కొలుస్తున్నాం.

మార్చినవి:

1. ఎర్ర మెరుపు కనబడని 940 నానోమీటర్ల రకం కెమెరాలు రెండు అరువు తెచ్చుకున్నాం.
2. వాసన పూయకముందే పది రోజులు కెమెరాలు బిగించి వదిలేశాం. కొత్తదనం పోయాక జంతువులు వాటిని చూడటం మానేశాయి.
3. ముక్కు రాయికి జానెడు దూరంలో ఉన్న సెకన్లనే లెక్కలో వేశాం. ఇద్దరం విడివిడిగా లెక్కపెట్టి, తేడా వస్తే మళ్లీ కలిసి చూశాం.
4. సగటు కాకుండా మధ్యగతం (అంకెల్ని వరుసలో పెడితే సరిగ్గా నడుమ వచ్చేది) రాసుకున్నాం. ఒక ముంగిస కెమెరా ముందే పడుకుంటే సగటు మొత్తం చెడిపోతుంది. అలా ఒకసారి జరిగింది కూడా.

దశ 3: మొదటి సీజన్, తప్పు చోటు

పూసిన రాయిని మేం చుక్క అంటాం. 20 చుక్కలు, మూడు రోజులకోసారి, చుక్కకు 5 గ్రాములు. తూర్పు మేటను ఆనుకుని ఉన్న కట్ట మీద పెట్టాం. మేట మీద కాదు. నడవడానికి వీలు, కెమెరాలు కట్టడానికి చెట్లున్నాయి, పక్షులకు ఇబ్బంది ఉండదు. నక్కలు రోజూ తిరిగే దారి కూడా అదే. ఈ కారణాలన్నీ బాగానే ఉన్నాయి, నిర్ణయమే తప్పు.

రోజు 1 నుంచి 3: ఆగిన సమయం మధ్యగతం 14 సెకన్లు.
రోజు 10 నుంచి 12: 5 సెకన్లు.
రోజు 19 నుంచి 21: 2 సెకన్లు.

పని అయిపోయిందనుకున్నాం. రోజు 22న అవే చుక్కలు మేట మీదికి మార్చాం. ఆ రాత్రి అవే జంతువులు, ఎడమ చెవి చీలిన నక్కతో సహా, 11 సెకన్లు ఆగాయి. నేల గీరాయి. ఒకటి రాళ్లు పక్కకు తోసి వెతికింది.

దీని గురించి ముందే చదివి ఉంటే మూడు వారాలు మిగిలేవి. ఫలితం లేని సంకేతాన్ని వదిలేయడం నేర్చుకున్న జంతువు, పాత పాఠాన్ని చెరిపేసుకోదు. "ఈ వాసనంటే తిండి" అన్నది లోపల అలాగే ఉంటుంది. దాని పక్కన "ఇక్కడ మాత్రం కాదు" అని కొత్తది చేరుతుంది. ఆ "ఇక్కడ" చాలా ముఖ్యం. మార్క్ బౌటన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాల పాటు ఎలుకల మీద చూపించింది ఇదే. చోటు మారితే పాత ప్రవర్తన తిరిగొస్తుంది. మా నక్క నేర్చుకున్నది కట్ట మీద ఈ వాసన దండగని. మేట గురించి అది ఏమీ నేర్చుకోలేదు.

ఇప్పటిదాకా లెక్క:
కెమెరా రాత్రులు 84, పనికొచ్చినవి 71 (బ్యాటరీలు అయిపోయి, గడ్డి ఊగి కార్డు నిండి 13 పోయాయి).
పూసిన చుక్కలు 140.
వాడిన జెల్లీ 700 గ్రాములు.
మేట మీద నేర్పిన రోజులు 0.

దశ 4: మొదటి సీజన్, తప్పు సమయం

రోజు 26న తూర్పు మేట మీద మొదటి గూడు. మేం అప్పుడే చుక్కలు మార్చి నాలుగు రోజులైంది. ఆపాలా, కొనసాగించాలా అని చాలా టెన్షన్ పడ్డాం. కొనసాగించాం. ఇప్పుడైతే ఆపేసేవాణ్ణి.

గూళ్లు మొదలయ్యాక వాసన పూస్తే, జంతువు పది చుక్కల దగ్గర వెతికి ఏమీ దొరక్క, పదకొండోచోట నిజం గుడ్లు దొరకబుచ్చుకుంటుంది. అప్పుడప్పుడూ దొరికే బహుమతి ఎప్పుడూ దొరికే బహుమతికంటే మొండి అలవాటును తయారుచేస్తుంది. మధ్యమధ్య ఫలితం దక్కిన ప్రవర్తన చల్లారడానికి ఎక్కువ కాలం పడుతుందన్నది నేర్చుకోవడం మీద జరిగిన ప్రయోగాల్లో చాలా పాత సంగతి. మేం నక్కలకు విసుగు నేర్పడం లేదు, ఓపిక నేర్పుతున్నాం. రోజు 30 నుంచి 36 మధ్య మధ్యగతం 9 సెకన్ల దగ్గరే ఆగిపోయింది. దిగలేదు.

దీనికి తోడు కాకులు. చుక్కలెక్కడున్నాయో మర్చిపోకుండా పక్కన చిన్న వెదురు పుల్లలు గుచ్చాం. రెండు గూళ్లకు కొంచెం దూరంలో కూడా గుచ్చాం, లెక్క కోసం. రోజు 33 పొద్దున టెలిస్కోప్‌లో చూస్తుంటే ఒక కాకి వచ్చి గూటి దగ్గరి పుల్ల మీద వాలింది. అక్కడి నుంచి చుట్టూ చూసింది. తీతువులు రెండూ అరుస్తూ మీదపడ్డాయి, ఒకటి రెక్క విరిగినట్టు నటిస్తూ పక్కకు లాగబోయింది. కాకి ఆ నటనను చూడలేదు. తిన్నగా దిగి గుడ్డు ఎత్తుకెళ్లింది, పావుగంటలో మరోటి. నేను 150 మీటర్ల దూరంలో ఉన్నాను, పరిగెత్తినా లాభం లేదు. మరుసటి రోజు ఇంకో పుల్ల దగ్గర అదే జరిగింది.

కాకి వాసనతో వెతకదు, కాబట్టి మా జెల్లీ దాన్ని ఏమీ చేయలేదు. అది మనుషుల్ని చూస్తుంది. మనుషుల ముఖాల్ని గుర్తుపెట్టుకుంటుందని పక్షుల శాస్త్రవేత్త జాన్ మార్జ్‌లఫ్ బృందం అమెరికాలోని సియాటిల్‌లో ముసుగులు వేసుకుని చూపించింది. 2006లో మొదలైన ఆ పని గురించి నాకు ముందే తెలుసు, తెలిసీ పుల్లలు గుచ్చాను. అవి మనకు గుర్తు, కాకికీ గుర్తే. అదే రోజు పుల్లలన్నీ పీకేశాం.

మొదటి సీజన్ ముగింపు:
తూర్పు మేట (వాసన పూసినది): 9 గూళ్లు, పిల్లలు వచ్చినవి 2.
పడమటి మేట (ఏమీ చేయనిది): 6 గూళ్లు, పిల్లలు వచ్చినవి 1.
తూర్పున పోయిన 7: అడుగుల్ని బట్టి నక్క, ముంగిస 4, కాకి 2, నీటిమట్టం పెరిగి మునిగినది 1.

ఏ తేడా లేదు. కాకి తిన్న రెండూ బహుశా మా వల్లే పోయాయి. ఇది రాయడం కష్టంగా ఉంది, కానీ రాయకపోతే ఇంకొకరు పుల్లలు గుచ్చుతారు.

దశ 5: రెండో సీజన్, మార్చినవి

1. సమయం: గత ఏడాది మొదటి గుడ్డు కనబడిన తేదీకి 5 వారాల ముందు మొదలు.
2. చోటు: కట్ట మీద ఒక్క చుక్క కూడా లేదు. 60 చుక్కలు, అన్నీ మేట మీద, పక్షులు గూళ్లు పెట్టే గులకల్లోనే.
3. ప్రతి రౌండులో చోట్లు మార్పు. అదే రాయికి మళ్లీ పూస్తే జంతువు "ఆ రాయి" అని నేర్చుకుంటుంది. మాకు కావలసింది "మేటంతా".
4. గుర్తులు లేవు. ఫోన్ జీపీఎస్, చేత్తో గీసుకున్న పటం.
5. మన వాసన: రబ్బరు బూట్లు, చేతి తొడుగులు. చుక్క నుంచి చుక్కకు తిన్నగా నడవకుండా మేటంతా అడ్డదిడ్డంగా తిరగడం. లేకపోతే మన అడుగుల వాసనే దారి చూపిస్తుంది.
6. పడమటి మేట మీద ఉత్త జెల్లీ చుక్కలు 15. అక్కడా మేం అలాగే నడిచాం. తేడా వస్తే అది ఈకల వాసన వల్లనా, మా రాకపోకల వల్లనా అన్నది తెలియాలి.
7. చేపలు పట్టేవాళ్లతో మాట్లాడాం. మేట మీద వదిలేసే చచ్చిన చేపలు మా చుక్కల పక్కన పడితే అది బహుమతే. వాళ్లు కారణం అడిగారు, చెప్పాం, ఒడ్డుకు దూరంగా గుంట తవ్వి అందులో వేశారు. ఈ పనిలో అన్నిటికంటే సులువుగా జరిగింది ఇదే.

కెమెరాలు 6. గూటి దగ్గర ఒక్కటీ పెట్టలేదు.

దశ 6: ఐదు వారాలు

తూర్పు మేట కెమెరాల్లో, రాయి దగ్గర ఆగిన సందర్భాలు:

వారం 1: 31 సార్లు, మధ్యగతం 12 సెకన్లు
వారం 2: 22 సార్లు, 8 సెకన్లు
వారం 3: 12 సార్లు, 4 సెకన్లు
వారం 4: 17 సార్లు, 7 సెకన్లు
వారం 5: 7 సార్లు, 2 సెకన్లు

నాలుగో వారంలో ఎందుకు పెరిగిందంటే, రోజు 22న పూయాల్సిన రౌండు వాన వల్ల పోయింది. ఉన్న వాసన కూడా కడిగేసుకుపోయింది. రోజు 19 తర్వాత మళ్లీ పూసింది రోజు 25న. ఆరు రోజుల విరామానికే ఆసక్తి కొంత తిరిగొచ్చింది. రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ తన కుక్కల్లో గమనించింది ఇదే. చల్లారిన స్పందన కొంతకాలం వదిలేస్తే దానంతటదే తలెత్తుతుంది. అయితే రెండోసారి చల్లారడం త్వరగా జరిగింది. మొదట మూడు వారాలు పట్టినదానికి ఈసారి వారం సరిపోయింది. కాబట్టి ఒక రౌండు తప్పితే కంగారు పడి వదిలెయ్యొద్దు, వెంటనే పూయండి.

అన్ని జంతువులూ ఒకేలా నేర్చుకోలేదు. ముంగిసలు ముందు మానేశాయి, రెండో వారానికే చాలావరకు ఆగకుండా పోయాయి. చెవి చీలిన నక్కను తొమ్మిదిసార్లు చూశాకే ఆగకుండా నడిచిపోవడం కనబడింది. ఐదో వారంలో రెండు కొత్త కుక్కలు వచ్చాయి. వాటికి ఈ పాఠం ఏదీ తెలియదు, మొదటి రోజు నక్కల్లాగే అన్నీ గీరాయి. ఒకసారి నేర్పి వదిలేస్తే సరిపోదని వాటిని చూశాకే అర్థమైంది. మేట మీదికి కొత్తగా వచ్చే ప్రతి జంతువుకూ పాఠం మొదటి నుంచే.

పల్చటి జెల్లీ చుక్కల దగ్గర మొదటి వారంలోనే తక్కువ ఆగాయి, కానీ తగ్గిన తీరు ఒకటే. ఘాటు వాసనకూ సన్నటి వాసనకూ విడివిడిగా నేర్చుకున్నట్టు కనబడలేదు. పడమటి మేట ఉత్త జెల్లీ దగ్గర మొదటి రెండు రాత్రులు కొంచెం మూచూసి, ఆపైన పట్టించుకోలేదు.

ఇప్పటిదాకా లెక్క (రెండో సీజన్, గూళ్లకు ముందు):
రౌండ్లు 12 అనుకుంటే జరిగినవి 11.
పూసిన చుక్కలు 660.
జెల్లీ 3.3 కిలోలు.
శ్రమ: ఇద్దరు, రౌండుకు 2 గంటలు, మొత్తం 44 గంటలు.
కెమెరా రాత్రులు 210, పనికొచ్చినవి 191.

దశ 7: గూళ్లు వచ్చాక

మొదటి గూడు రోజు 37న. ఇక్కడ మళ్లీ పాత ప్రశ్న. ఆపేస్తే ఆసక్తి తిరిగొస్తుంది, కొత్త కుక్కల్లాంటివి నేర్చుకోవు. కొనసాగిస్తే మనం నడిచిన ప్రతిసారీ పక్షులు గుడ్ల మీద నుంచి లేస్తాయి. ఎండ కాస్తున్నప్పుడు గుడ్డుకు నీడ లేకపోతే లోపలి పిండం నిమిషాల్లో ప్రమాదంలో పడుతుంది. తీతువు పొదగడంతో పాటు గుడ్లకు నీడ కూడా ఇస్తుంది, పొట్ట ఈకలు నీళ్లలో తడిపి తెచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. దాన్ని అరగంట లేపి ఉంచితే మేం చేసిన మంచి మొత్తం చెడ్డే.

కుదుర్చుకున్నది:

1. 60 చుక్కలు 30కి తగ్గింపు, మేట బయటి అంచుల్లో మాత్రమే.
2. తెలిసిన గూటికి 40 మీటర్లలోపు వెళ్లకూడదు.
3. ఆరు రోజులకోసారి, సూర్యోదయానికి ముందు.
4. ఒక అంచుకు 20 నిమిషాలు, అంతకుమించితే మిగిలిన చుక్కలు వదిలేసి బయటికి రావాలి.
5. కాకులు కనబడితే ఆరోజు పని లేదు.

ఐదో నియమం వల్ల మూడుసార్లు తిరిగొచ్చి మర్నాడు వెళ్లాం. మొత్తం 9 రౌండ్లు, 270 చుక్కలు, 1.35 కిలోల జెల్లీ, 12 గంటలు.

రెండో సీజన్ ముగింపు:
తూర్పు మేట: 10 గూళ్లు, పిల్లలు వచ్చినవి 6.
పడమటి మేట: 7 గూళ్లు, పిల్లలు వచ్చినవి 2.
తూర్పున పోయిన 4: కాకి 2, నీళ్లు 1, అడుగుల్ని బట్టి నక్క 1.
పడమట పోయిన 5: నక్క, ముంగిస 3, కాకి 1, తెలియనిది 1.
రెండు సీజన్లలో వాడిన ఈకల జెల్లీ 5.35 కిలోలు. మొదటి సీజన్ చివర్లో మేట మీద పూసినది తూచలేదు, అది ఇందులో లేదు.

10 గూళ్లు, 7 గూళ్లు అంటే చాలా చిన్న సంఖ్యలు. ఆ ఏడాది తూర్పు మేట దగ్గర నక్కలకు వేరే తిండి ఎక్కువ దొరికి ఉండొచ్చు. ఈ అంకెలు చూపించి పద్ధతి పనిచేసిందని నేను చెప్పను. నాకు నమ్మకం కలిగించేది వాసన దగ్గర ఆగిన సెకన్లు తగ్గడం, తూర్పున పోయిన వాటిలో ముక్కుతో వెతికే జంతువుల వాటా తగ్గడం, రెండూ ఒకే దిక్కుగా ఉండటం. కాకుల వల్ల పోయేవి అలాగే ఉన్నాయి. ఈ పద్ధతికి వాటి మీద పట్టు లేదు, వాటికి వేరే పని చేయాలి.

దశ 8: మూడో సీజన్, మేటల మార్పిడి

చోటు వల్ల వచ్చిన తేడానా, వాసన వల్ల వచ్చిన తేడానా తెలియాలంటే రెండూ తారుమారు చేయాలి. ఈసారి ఈకల జెల్లీ పడమటి మేటకు, ఉత్త జెల్లీ తూర్పు మేటకు. తూర్పు పక్షుల్ని ఒక సీజన్ అలా వదిలేయడానికి మా ముగ్గురిలో ఒకరు చివరిదాకా ఒప్పుకోలేదు. చాలా రోజులు వాదించుకున్నాం. చివరికి తూర్పున బయటి అంచుల్లో మాత్రం 10 ఈకల చుక్కలు ఉంచుతామని, దానివల్ల పోలిక కొంత బలహీనపడుతుందని రాసిపెట్టుకుని ఒప్పుకున్నాం.

నిన్న రోజు 1. పడమటి మేట మీద 60 చుక్కలు, ఇద్దరం, రెండు గంటల పది నిమిషాలు, 300 గ్రాములు. ఇవాళ పొద్దున మూడో నంబరు కెమెరా కార్డు తీశాను. రాత్రి 2.14కి చెవి చీలిన నక్క. గత సీజన్ చివర తూర్పు మేట మీద ఇదే వాసన పక్క నుంచి ఆగకుండా నడిచిపోయిన నక్క, ఇక్కడ 13 సెకన్లు ఆగింది. ముందు కాలితో రాయి కింద గీరింది, మళ్లీ వాసన చూసి పక్క రాయి దగ్గరికి వెళ్లింది. పట్టికలో రాశాను: పడమర, చుక్క 17, 13 సెకన్లు, ఏమీ దొరకలేదు. తర్వాతి రౌండు ఎల్లుండి.